రాయి పుట్టని ఊళ్ళో వీరమ్మ

మొగల్తూరులో రాయి పుట్టదు. ఎంత లోతుకు తవ్వినా ఒండ్రే వస్తుంది. ఒండ్రు కింద ఇసుక, ఇసుక కింద ఉప్పునీళ్ళు. ఆ ఊళ్ళో కనిపించే ప్రతి రాయీ ఎక్కణ్ణుంచో ఎవరో మోసుకొచ్చిందే. రుబ్బురోలు, గుడి మెట్టు, కాలవ వంతెన కింది కట్టుడు, అన్నీ దూరపు ఊళ్ళ నుంచి కాపురానికి వచ్చిన కోడళ్ళలా వచ్చి, ఇక్కడి ఉప్పుగాలికి అలవాటు పడి ఉండిపోయాయి.

ఊరికి దక్షిణపు కొసన రొయ్యల చెరువుల గట్లు ఒకదాన్నొకటి తోసుకునే చోట వీరమ్మ సున్నం బట్టీ ఉంది. మనిషి నిలువెత్తు ఇటుకల గుండ్రటి కట్టడం. ఉప్పుటేటి బురదలోంచి తట్టలకెత్తిన గుల్లలు అక్కడికి వస్తాయి. వీరమ్మ వాటిని కడిగి, ఎండబెట్టి, బట్టీలో ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల చొప్పున పేర్చి, పొద్దున్నే అంటిస్తుంది. మర్నాడు తీస్తే గుల్లలు గుల్లల్లాగే ఉంటాయి. అవే గీతలు, అవే వంపులు. కానీ అరచేతిలో పెట్టుకుంటే ఎండుటాకంత తేలిక. నీళ్ళు చల్లితే చాలు, ఒక్క నిట్టూర్పు విడిచి, వేడెక్కి, పొంగి, పిండైపోతాయి. ఆ పిండే సున్నం. ఇదివరకు ఇళ్ళ గోడలకు పోయేది, ఇప్పుడు ఎక్కువగా రొయ్యల చెరువులకు పోతోంది.

పదిహేడో ఏట ఐజాక్ చెయ్యి పట్టుకుని వచ్చినప్పటి నుంచి ఆమె ఈ పనే చేస్తోంది. మొదటి నెలలోనే ఆమెకొక సందేహం పుట్టింది. బట్టీలోకి ఇద్దరు కలిసి మోసిన గుల్లని, కాలిన తరవాత ఒక్కరు మోస్తున్నారు. మిగతా బరువు ఎటు పోయింది?

"నిప్పు తినేసింది," అన్నాడు ఐజాక్.

"నిప్పు తింటే బూడిదవ్వాలి కదా. ఇదేమో ఇంకా తెల్లగా వస్తంది."

"అయితే తెలుపెక్కడం కోసం బరువు దిగిందేమో. మీ అత్తని చూళ్ళేదా?" అన్నాడు. అతని తల్లి అప్పుడు జుట్టంతా నెరిసి, గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేది. ఇద్దరూ నవ్వుకున్నారు. సందేహం మాత్రం తీరలేదు. నలభై అయిదేళ్ళు ఆమె వెంటే తిరిగింది, పెంపుడు పిల్లిలా.

పదకొండేళ్ళ కిందట ఒక ఉదయం, బట్టీ మూతి దగ్గర బొగ్గు సర్దుతూ, ఐజాక్ అలాగే పక్కకి ఒరిగిపోయాడు. అతన్ని చర్చి గుడి వెనక సమాధుల తోటలో పెట్టారు. వాళ్ళకి పిల్లలు లేరు. అతని పేరు కాగితాల్లోంచి ఒక్కొక్కటిగా జారిపోయింది. ముందు రేషన్ కార్డులోంచి, తరవాత ఓటర్ల జాబితాలోంచి. మిగిలింది ఒక్క ఇటుకల దిబ్బ. దానికి ఏటా ఈస్టరుకి ముందు వీరమ్మ తన బట్టీ సున్నమే వేసేది. ఆ తోటలో అంత తెల్లటి సమాధి ఇంకోటి ఉండేది కాదు. కానీ చుట్టూ చెరువులొచ్చాక ఉప్పు నేలలోకి దిగింది. ఉప్పు ఇటుకని లోపలినుంచి కొరుకుతుంది. ఏడాదికొక బెత్తెడు చొప్పున దిబ్బ కుంగుతూ వచ్చింది.

ఆ సంవత్సరం, ఈస్టరుకి నెలన్నర ముందొచ్చే భస్మ బుధవారం నాడు, ఆరాధన అయ్యాక, సంఘం కార్యదర్శి ప్రేమ్ కుమార్ లేచి నిలబడ్డాడు. నరసాపురంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి, చదివేముందు కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకునే అలవాటు. సమాధుల తోటలో చోటు లేదని, పోయిన నెల ఒకరిని గోడకి ఆనించి పెట్టాల్సి వచ్చిందని, ఎవరివో తెలియకుండా కూలిపోయినవి చాలా ఉన్నాయని చదివాడు. కాబట్టి పేరున్న రాయి లేని సమాధులని ఈస్టరు తరవాత చదును చేసి కొత్తవాళ్ళకి ఇస్తారు. అదీ తీర్మానం.

గుమ్మం దగ్గర వీరమ్మ అతన్ని ఆపింది. "వందనాలండి. మా ఆయనది ఇటుకలండి. రాయి కిందకి రాదంటారా?"

"ఇటుక నిలబడట్లేదు కదా వీరమ్మక్కా. నువ్వే చూస్తన్నావు. పేరున్న రాయి పెట్టించు, ఎవరూ ముట్టుకోరు. ఆ మాట నాది."

"పాలరాయేనాండి?"

"ఏదైనా పర్లేదు. రాయైతే చాలు."

పాలరాయి పలక ధర ఆమె నరసాపురం వెళ్ళి కనుక్కొచ్చింది. విన్నాక ఆ దుకాణం అరుగు మీద కాసేపు కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, బస్సెక్కి వచ్చేసింది.

ఆ వారంలోనే హెలెన్ టీచరు బట్టీ దగ్గరికి వచ్చింది. భీమవరం నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే మనిషి, హైస్కూల్లో సైన్సు చెబుతుంది. పిల్లలకి రాళ్ళ పాఠం చెప్పాలట. చూపించడానికి ఊళ్ళో రాయి లేదు కాబట్టి పచ్చి గుల్లలు కొన్ని, కాలినవి కొన్ని ఇమ్మంది. వీరమ్మ రెండూ ఆమె రెండు చేతుల్లో పెట్టి, ఐజాక్‌ని తప్ప ఎవరినీ అడగని ప్రశ్న ఆమెని అడిగింది.

"టీచరు గారూ, ఇందులో సగం బరువు ఎటు పోద్దండి?"

హెలెన్ రెండు చేతులూ తక్కెడలా పైకీ కిందకీ ఆడించి చూసింది. ఆమె మొహం వెలిగింది. "పిల్లలు అడగాల్సిన ప్రశ్న మీరడిగేరండి. గుల్లలో సున్నంతో పాటు గాలి కూడా ఉంటుంది. రాయిలో రాయై బిగుసుకుపోయి ఉంటుంది. మనం వదిలే గాలేనండి, సోడాలో బుసబుసమంటుందే, అది. బాగా వేడెక్కితే విడిపోయి పైకి పోతుంది. మీకు తగ్గిన బరువు అదే."

"అంటే గుల్ల ఊపిరి వదిలేస్తందన్నమాట."

"ఆయ్, అలాగే అనుకోండి."

"నలభై అయిదేళ్ళు కొంగలకీ కాకులకీ సోడా పోసేనన్నమాట!" వీరమ్మ నవ్వింది. నవ్వి, గుడిలో విన్న మాట గుర్తొచ్చి ఆగింది. "మరి పాలరాయి ఎలా పుడద్దండి?"

"ఆశ్చర్యపోకండి. అదీ చాలావరకు గుల్లలేనండి."

వీరమ్మ చేతిలో తట్ట కింద పెట్టేసింది.

హెలెన్ బొగ్గు గుట్ట పక్కనున్న పీట మీద కూర్చుని చెప్పింది. "సముద్రం అడుగున గుల్లలు, గుల్లల పొడి లక్షల ఏళ్ళు పేరుకుంటాయండి. గట్టిపడి సున్నపురాయవుతుంది. దాని మీద మట్టి, మట్టి మీద మట్టి పడి, భూమి కదలికలకి మైళ్ళ లోతుకి దిగిపోతుంది. అక్కడా బట్టీయే, కాకపోతే బొగ్గు లేని బట్టీ. భూమి ఒంటి వేడే. మీ దగ్గర గాలి పైకి పోయింది కదా, అక్కడ పోలేదు. పైన కొండంత బరువు నొక్కి పట్టుకుని ఉంటుంది. పోవడానికి దారి లేక, వదలడానికి వీల్లేక, ఆ రాయి లోపల్లోపలే సర్దుకుంటుంది. సన్నటి గింజలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసి పెద్ద గింజలవుతాయి. గింజకీ గింజకీ మధ్య సందు ఉండదు. అప్పుడు నున్నగా, మెరుస్తా, పాలరాయి."

"కరిగిపోదా, అంత వేడికి?"

"కరగదు. అదే దాని గొప్ప. కరిగి గడ్డకట్టిన రాయి వేరే జాతండి. ఇది రాయిగా ఉంటూనే ఇంకో రాయవుతుంది. రూపాంతర శిల అంటాం పుస్తకంలో."

వీరమ్మ బట్టీ మూతి వైపు తిరిగింది. నల్లటి ఆ నోట్లో నిన్నటి వేడి ఇంకా కదులుతోంది, నిద్రలో మాట్లాడబోయే మనిషిలా.

వెళ్ళబోతూ హెలెన్ గుమ్మం దగ్గర ఆగింది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన గుండురాయి ఒకటి అక్కడ ఉంది. కొబ్బరికాయంత ఉంటుంది. నలుపూ తెలుపూ చారలు, ఆ చారలు కూడా తిన్నగా లేవు, ఉతికి పిండిన చీర మడతల్లా మెలికలు తిరిగి ఉన్నాయి.

"ఇదెక్కడిదండీ?"

"మా ఆయన తెచ్చేడు. పుష్కరాలకెళ్ళి, ధవళేశ్వరం దగ్గర స్నానానికి దిగితే కాలికి తగిలిందంట. బాప్తిస్మం పొందినోడికి పుష్కరాలెందుకయ్యా అంటే, రాయి కోసం పిలిచిందే గోదారి అన్నాడు. మూడు బస్సులు మారి ఒళ్ళో పెట్టుకు తెచ్చేడు."

హెలెన్ దాన్ని రెండు చేతులతో ఎత్తింది. "ఇది కూడా అలా కాగిన రాయేనండి. పాపికొండల వైపునించి దొర్లుకుంటా వచ్చుంటుంది. ఈ చారలు చూసేరా? రాయి లోతున వేడెక్కి మెత్తబడినప్పుడు ఒక పక్కనించి గట్టిగా నొక్కితే, లోపలి గింజలు ఆ నొక్కుడికి అడ్డంగా వరసలు కట్టేస్తాయి. నల్లవి ఒక వరస, తెల్లవి ఒక వరస. మళ్ళీ నొక్కితే ఆ వరసలే మడతలు పడతాయి. ఎటునించి నొక్కేరో రాయి మర్చిపోదండి."

టీచరు వెళ్ళిపోయాక వీరమ్మ ఆ గుండురాయిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బట్టీ నాది, గుల్లలు నావి, వేడి నాది అనుకుంది. లేనిది బరువొక్కటే.

మూడో రోజు పొద్దున ఆమె శ్యాంబాబు షెడ్డుకి వెళ్ళింది. చెరువుల మోటార్లు బాగుచేసే మనిషి అతను. వీరమ్మ చేతిలో మూరెడు ఇనప గొట్టం ఉంది. గొట్టం నిండా దంచి కూరిన గుల్లలు.

"దీని రెండు మూతులూ మూసి వెల్డింగ్ చెయ్యి బాబూ."

"ఎందుకు పిన్నీ?"

"బట్టీలో పెడతాను."

"రెండు పక్కలా మూసేస్తే లోపల గాలెలా పోద్ది?"

"పోకూడదనే."

శ్యాంబాబు ఆమెని, గొట్టాన్ని మార్చి మార్చి చూశాడు. "ఏం చేస్తన్నావు పిన్నీ, నిజం చెప్పు."

"రాయి చేస్తన్నాను."

"ఓహో. రాయయ్యాక కొండ కూడా చేసెయ్యి. మొగల్తూరులో లేందదొక్కటే. మెట్ల కాంట్రాక్టు నాకిప్పించు." అంటూనే మూసి ఇచ్చాడు. పెద్దావిడ అడిగితే కాదనలేకపోయాడు. అందులో ఏముందో, ఏమవుతుందో అతనికీ తోచలేదు. ఆ తరవాత నెల రోజులు ఆ పని తలుచుకుని తనని తనే తిట్టుకున్నాడు.

బట్టీ అంటించి, నిప్పు పైకెక్కాక, వీరమ్మ గుల్లలు కడగడానికి చెరువు గట్టు దిగింది. ఆ గట్టే ఆమెని కాపాడింది. పది గంటల వేళ ఒక్క శబ్దం వచ్చింది. చెరువుల మీది కొంగలన్నీ ఒకేసారి లేచాయి, ఎవరో తెల్ల దుప్పటి దులిపినట్టు. బట్టీ గోడ పైనించి కిందిదాకా పగిలింది. గొట్టం చెరువుకి అవతలి గట్టు బురదలో గుచ్చుకుని బుసకొడుతోంది.

ముందుగా పరిగెత్తుకొచ్చింది శ్యాంబాబు. వీరమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో, చేతిలో తట్టతో, అలాగే నిలబడి ఉంది.

"బతికే ఉన్నావా పిన్నీ! కాళ్ళు చేతులు ఆడించు. ఆడించు ముందు!"

"నాకేం కాలేదు గానీ, గొట్టం ఎటెళ్ళిందో చూసేవా?"

"గొట్టమా! నా గుండె ఎటెళ్ళిందో నేను వెతుక్కుంటంటే!"

సాయంత్రానికి కబురు హైస్కూలుదాకా పాకింది. హెలెన్ స్కూటీ స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించి వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా నోటితో నేనే మిమ్మల్ని చంపేసేదాన్నండి."

"మీరు చెప్పింది నిజమే కదా టీచరు గారూ. గాలికి దారి లేకుండా చేసేను."

"ఎంత బరువు కావాలో నేను సరిగ్గా చెప్పలేదండి. మూరెడు ఇనుము ఏం ఆపుతుంది? అక్కడ మైళ్ళ మందం కొండలు కూర్చుంటాయి. అయినా ఒక్క రోజులో కాదు, లక్షల ఏళ్ళు. ఆ ఓపిక ఎవరి చేతిలోనూ లేదండి, మీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు."

శ్యాంబాబు బురదలోంచి పీక్కొచ్చిన గొట్టాన్ని వీరమ్మ ముందుకు జరిపింది. ఒక మూతి పువ్వులా విచ్చుకుపోయి ఉంది. లోపలిదంతా చెరువు పాలైంది. రెండో మూతి దగ్గర, మూలలో, బొటనవేలంత ముద్ద ఒకటి అంటుకుని మిగిలింది. హెలెన్ స్కూటీ తాళంతో దాన్ని కదిపి తీసింది. గుల్ల గీతలు లేవు. తిప్పి చూస్తే పటికబెల్లం విరిచినచోట మెరిసినట్టు సన్నగా మెరిసింది.

వీరమ్మ వంటింట్లోంచి నిమ్మచెక్క తెప్పించి హెలెన్ ఆ ముద్ద మీద ఒక చుక్క పిండింది. చుక్క సన్నగా నురగలు కట్టింది. బట్టీలో కాలిన గుల్ల మీద ఇంకో చుక్క పిండింది. అది ఉలకలేదు.

"చూసేరా? నురగ వస్తే ఊపిరి ఇంకా లోపలే ఉన్నట్టు. ఈ ముద్ద సున్నమైపోలేదండి. గింజ కట్టినట్టే ఉంది. పాలరాయేనని నేను రాసివ్వలేను, కానీ..." ఆమె ముద్దని మళ్ళీ తిప్పి చూసింది. "కానీ కాదని కూడా రాసివ్వలేను."

బొటనవేలంత రాయి మీద పేరెక్కడ పడుతుంది? వీరమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. ఈస్టరుకి ఇంక అయిదు వారాలుంది. పగిలిన బట్టీ కళ్ళ ముందుంది. ఆమె నేల మీద కారిన సున్నపు నీళ్ళని కాలి వేలితో రాస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"ఊపిరి వదిలేసిన సున్నం మళ్ళీ పీల్చుకోదాండి?"

హెలెన్ తలెత్తింది. "పీల్చుకుంటుంది. గాల్లోంచి, కొంచెం కొంచెంగా. తడి సున్నం గోడకేస్తే గట్టిపడేది అందుకేనండి. పీల్చుకున్నంత మేర మళ్ళీ రాయవుతుంది. పాలరాయి అవదు. దానికి ముందుది, మామూలు సున్నపురాయి లాంటిదవుతుంది."

"ఏ రాయైనా పర్లేదన్నారు," అంది వీరమ్మ.

ఐజాక్ తండ్రి గచ్చు పనివాడు. మోతుబరుల ఇళ్ళలో, పాదం పెడితే నీడ కనిపించే నేలలు చేసిన చెయ్యి. ఆ పని ఐజాక్ చూశాడు, చెయ్యలేదు. సిమెంటు వచ్చేసింది. కానీ బట్టీ దగ్గర ఖాళీ దొరికినప్పుడల్లా అది ఎలా చేసేవారో చెబుతూ ఉండేవాడు, వేరే దేశం కథ చెప్పినట్టు. వినీ వినీ వీరమ్మకి నోటికొచ్చేసింది. ఇప్పుడు ఆ మాటల్ని ఒక్కొక్కటే చేతుల్లోకి దించుకుంది. సున్నాన్ని నానబెట్టి గుడ్డలో వడగట్టింది. సన్న ఇసుక కలిపింది. కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి, రోకలితో ముద్ద సాగేదాకా దంచింది. కుంగిన దిబ్బ మీద పుచ్చు ఇటుకలు తీసేసి మంచివి పేర్చి, వాటి మీద రెండు వేళ్ళ మందాన గచ్చు పరిచింది.

ఆ తరవాత నూరడం. దానికి నున్నటి గుండురాయి కావాలని మామగారు చెప్పేవారట. ఐజాక్ గోదావరి నుంచి ఒళ్ళో పెట్టుకు తెచ్చిన చారల రాయి, ఇన్నేళ్ళు తలుపుకి అడ్డంగా ఉన్నది, అప్పుడు లేచింది. వీరమ్మ రోజూ మధ్యాన్నం పూట, బట్టీ గోడ మెత్తుకునే పని అయ్యాక, సమాధుల తోటకి వెళ్ళేది. మోకాళ్ళ మీద కూర్చుని, ఒంటి బరువంతా రెండు అరచేతుల్లోకి ఒంపి ఆ రాయితో గచ్చుని నూరేది. నూరగా నూరగా రాయి వేడెక్కేది. గచ్చు మీదకి చెమటలా నీరు తేలేది. తుడిచి మళ్ళీ నూరేది. ఎక్కడో కొండల కింద ఎవరూ చూడనిచోట నొక్కుడు తిన్న రాయి, ఈ ఉప్పు నేల మీదికి వచ్చి, ఇంకో రాయికి నొక్కుడు నేర్పుతున్నట్టు ఉండేది.

మూడో రోజు, గచ్చు ఇంకా గోరుకి లొంగుతున్నప్పుడు, ఆమె అతని పేరు రాసింది. అక్షరాలు పెద్దగా రావు. ఐజాక్ పాత ఓటరు కార్డు చూసి, మేకుతో, ఆ మూడక్షరాలూ ఒక పూటంతా దిద్దింది. పేరు పైన చిన్న గుంట చేసి, కొంగు ముడి విప్పి, బొటనవేలంత ముద్దని అందులో అదిమింది. పేరు కింద సగం పలక ఖాళీగా వదిలేసింది.

ఈస్టరుకి ముందు రోజు శనివారం ప్రేమ్ కుమార్ జాబితా, ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని తోటలోకి వచ్చాడు. చదును చేసే సమాధులకి గుర్తు పెడుతూ వరసగా వస్తున్నాడు. ప్రతి చోటా ఒక్క క్షణం ఆగి, తల వంచి, అప్పుడే కుంచె ముంచుతున్నాడు. ఆ చేతికి ఆ పని ఇష్టం లేదని వీరమ్మకి దూరం నుంచే తెలిసింది. చీపురు పక్కన పెట్టి, ఐజాక్ సమాధి దగ్గర నిలబడింది.

ప్రేమ్ కుమార్ వచ్చి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మార్చి ఎండ గచ్చు మీద పడి అతని గడ్డం కిందకి వెలుగు కొడుతోంది.

"ఎవరు చేసేరక్కా ఇది?"

"నేనేనండి."

వంగి, గోరుతో గీశాడు. గీత పడలేదు. తాళంచెవితో తట్టాడు. "బావుంది. చాలా బావుంది. కానీ ఇది గచ్చు కదా. తీర్మానంలో రాయన్నాం."

"రాయంటే ఏంటండీ?"

ప్రేమ్ కుమార్ చేతిలో జాబితా తిరగేశాడు. ముప్పయ్యేళ్ళ గుమాస్తాగిరీలో ఆ కాలమ్ అతనికి ఎప్పుడూ తగల్లేదు. వీరమ్మ కొంగులోంచి నిమ్మచెక్క తీసి, గచ్చు అంచు మీద ఒక చుక్క పిండింది. సన్నగా నురగ లేచింది.

"ఊపిరి పీల్చుకుందండి. నెల రోజుల్నించి పీల్చుకుంటంది. టీచరు గారినడగండి, రాయికే ఇలా వస్తది. ఆ పక్క తెల్లదొరగారి సమాధి పాలరాయి మీద పిండినా ఇలాగే..."

"అమ్మా తల్లీ, ఆగు!" ప్రేమ్ కుమార్ రంగు డబ్బాతో సహా అడ్డం వచ్చాడు. "దొరగారి సమాధి మీద నిమ్మకాయ పిండితే పాస్టరు అయ్యగారు నన్ను పిండేస్తారు!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అతను సమాధి పక్కన గట్టు మీద కూర్చున్నాడు. డబ్బా పక్కన పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడాడు.

"నిమ్మకాయ చెప్పింది ఒప్పుకుంటానక్కా. రాయనే రాసుకుంటాను. కానీ నా బాధ రాయి కాదు, చోటు. రేపు ఇంకో నలుగురు గచ్చు చేసి తెస్తారు. చెయ్యనీ. వాళ్ళ ప్రేమ వాళ్ళది. మొన్న గోడవారన పెట్టిన ఆ అమ్మాయి కాళ్ళు మడిచి పెట్టేం, తెలుసా? రేపు పోయేవాళ్ళని ఎక్కడ పెట్టను?"

కాళ్ళు మడిచిన సంగతి వీరమ్మకి తెలియదు.

ప్రేమ్ కుమార్ పలకని చేత్తో నిమురుతూ, "కింద ఇంత ఖాళీ వదిలేవేంటి? బైబిలు వాక్యం రాయించుకుంటావా?" అన్నాడు.

"వాక్యం కాదండి. నా పేరుకి."

అతని చెయ్యి ఆగిపోయింది.

"నాకు వేరే చోటు వద్దండి. నా ఆరడుగులు ఎవరికైనా ఇచ్చెయ్యండి, కాళ్ళు చాపుకుని పడుకుంటారు. నన్ను ఇందులోనే, ఆయన మీదే పెట్టండి. మీ లెక్కలో ఒక సమాధి ఉంచినట్టూ కాదు, తీసినట్టూ కాదు. అలా రాసుకోవడానికి వీలవద్దాండి?"

తోటలో ఎక్కడో కోకిల కూసి ఆగింది. ప్రేమ్ కుమార్ జాబితాలో ఏదో రాయబోయి, రాయకుండా, వెనక పేజీలకి వెళ్ళి ఇప్పటిదాకా ఎర్ర గుర్తు పెట్టిన పేర్లు చూసుకున్నాడు. "ఇందులో భార్యో భర్తో బతికున్నవాళ్ళు పదకొండు మంది ఉన్నారక్కా," అన్నాడు మెల్లిగా, తనతో తను అన్నట్టు. "నాకెందుకు తట్టలేదు? వెళ్ళి అడుగుతాను వాళ్ళని." డబ్బా మూత బిగించాడు. కుంచెని కాగితంలో చుట్టాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మీ ఆయన ఒప్పుకుంటాడా?" అన్నాడు.

"ముప్పై నాలుగేళ్ళు ఒకే గదిలో సర్దుకున్నామండి. ఇది దానికంటే కొంచెమే ఇరుకు."

మర్నాడు ఈస్టరు. తెల్లారకముందే సంఘమంతా పాటలు పాడుకుంటూ తోటలోకి వచ్చింది. ఎవరి సమాధి మీద వాళ్ళు కొవ్వొత్తులు పెట్టారు. తూర్పున చెరువుల మీద వెలుగు లేచేసరికి, ఐజాక్ పలక మీద కారిన మైనం గట్టిపడి ఉంది. పేరు పైన బొటనవేలంత ముద్ద, ఎండ తగిలినప్పుడల్లా, ఒకటి రెండు చోట్ల మెరుస్తోంది. అది ఏ రాయో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

వీరమ్మ గోరుతో మైనం గీకేసి, చారల రాయి తీసుకుని, పేరు కింది ఖాళీని మళ్ళీ నూరడం మొదలుపెట్టింది. హెలెన్ వచ్చి పక్కన చతికిలబడింది. చిన్నగా అంది.

"మీ పేరు కూడా తడిమీదే రాసేసుకోవాల్సిందండి. ఇలా నూరేస్తే రోజురోజుకీ గట్టిపడిపోతుంది. తరవాత మేకు దిగదు."

వీరమ్మ ఆగలేదు. ఒంటి బరువంతా అరచేతుల్లోకి దించి ఇంకొకసారి నొక్కింది.

"అప్పుడు ఉలి తెచ్చుకుంటారండి," అంది. "రాయన్నాక అంతే కదా."